కొత్త ట్యాంకు, పచ్చనీళ్లు: భీమవరంలో రెండడుగుల అక్వేరియంతో తంటాలు

రెండడుగుల_చెరువు
మాది భీమవరం. పాప పోరు పడలేక పోయిన నెల అక్వేరియం కొన్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. షాపతను ట్యాంకు, ఫిల్టరు, లైటు, నీలం గులకరాళ్లు, చేపలు అన్నీ ఒకే రోజు ఆటో ఎక్కించేశాడు. గోల్డ్ ఫిష్ నాలుగు, ఏంజిల్స్ రెండు, గప్పీలు ఓ పది, గాజు నాకి శుభ్రం చేస్తుందని ఒక సక్కర్.

రెండ్రోజులు బాగానే ఉంది. తర్వాత నీళ్లు తెల్లగా మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం, పొద్దున్నకి ఒకటో రెండో పోవడం. ఇప్పుడు రెండు గోల్డ్ ఫిష్, నాలుగు గప్పీలు, సక్కర్ మిగిలాయి. గాజుకి మొదట గోధుమరంగు పొర పట్టింది, తుడిచేశాం. ఇప్పుడు నీళ్లే పచ్చబడి వెనక గోడ కూడా కనబడటం లేదు.

ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, రాళ్లూ ఫిల్టర్లోని స్పాంజీ కుళాయి కింద కడిగి మళ్లీ నింపుతున్నాం. షాపతను ఇచ్చిన నీలం మందు వేస్తున్నాం. లైటు పొద్దున్నుంచి పడుకునేదాకా ఉంటుంది. ట్యాంకు హాల్లో తూర్పు కిటికీ పక్కన పెట్టాం. మా మామగారికి చేపల చెరువులున్నాయి. ఆయనొచ్చి చూసి "నీళ్లు బ్రహ్మాండంగా కలరొచ్చాయమ్మా, శీలావతి చేపపిల్ల వదిలెయ్" అని ఒకటే నవ్వు. ఎక్కడ తేడా కొడుతోంది?

గప్పీగాడు
తేడా కొట్టనిది ఏదో అడగండి, చెప్పడం తేలిక :)

కొల్లేటి_కొంగ
@గప్పీగాడు కొత్తవాళ్లని అలా హడలగొట్టకు బ్రో.

మేడమ్, మీ మామగారు అన్నది చెరువు లెక్కలో కరెక్టే. చెరువులో ఆ పచ్చదనమే బొచ్చెకీ శీలావతికీ సగం మేత. కానీ ఎకరం చెరువులో అడుగునంతా మట్టి, పైనంతా గాలి, బోలెడు నీళ్లు. చేప విసర్జించింది అంత నీళ్లలో కలిసి, మట్టిలో ఉన్న బ్యాక్టీరియాకి చేరిపోతుంది. మీ ట్యాంకు నిండా పోసినా 56 లీటర్లు. రాళ్లూ పైన ఖాళీ పోతే 45, 50 మధ్య. అందులో ఒకేసారి పదిహేడు చేపలు.

జరిగింది ఇదీ. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది, మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం. మూడోది కొంత వరకు ఉన్నా చేపకి ఇబ్బంది లేదు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తిరగదు, స్పాంజికీ రాళ్లకీ గాజుకీ అంటుకుని పెరుగుతుంది. అవి సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. మీరు ప్రతి ఆదివారం క్లోరిన్ నీళ్లతో వాటిని కడిగి డ్రైనేజీలో పోస్తున్నారు. ప్రతి సోమవారం ట్యాంకు మళ్లీ మొదటికొస్తోంది.

నీలం మందు మిథిలీన్ బ్లూ అయితే అది కూడా ఆ బ్యాక్టీరియాని దెబ్బ తీస్తుంది. ఆపేయండి.

రెండడుగుల_చెరువు
మరి కడగకపోతే ఇంకా మురికి అవదా? అసలే పచ్చగా ఉంది.

తణుకు_టీచరమ్మ
పచ్చగా ఉండటం వేరు, విషంగా ఉండటం వేరు అండి. అద్దంలా మెరిసే నీళ్లలో కూడా అమ్మోనియా ఉంటుంది, కంటికి కనబడదు. ముందు టెస్ట్ చేయించండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్. మిగతావన్నీ తర్వాత.

ఉండి_ఏరేటర్
భీమవరంలో ఉండి టెస్ట్ కిట్ కోసం వెతకడం ఎందుకు? వీధికో ఆక్వా ల్యాబ్ ఉంది. వాటర్ బాటిల్లో నీళ్లు పట్టుకెళ్లండి, రొయ్యల చెరువులకి చేసే టెస్టే చేసి కాగితం చేతిలో పెడతారు. బాటిల్ నిండా పట్టండి, పైన గాలి ఉంచొద్దు. తీసిన గంటా రెండు గంటల్లోపు ఇచ్చేయండి.

కోనసీమ_కొబ్బరాకు
ఆయ్, ల్యాబతను "రొయ్యల కల్చర్ ఎన్ని ఎకరాలండి" అంటాడు. ఏం చెప్తారో చూసుకోండి.

రెండడుగుల_చెరువు
నిజంగా అడిగాడు!! "హాల్లో ఉందండి" అన్నాను. పక్కన శాంపిల్ ఇవ్వడానికొచ్చిన రైతులు తిరిగి చూశారు.

రిపోర్టు: పీహెచ్ 8.4, కార్బొనేట్లు 20, బైకార్బొనేట్లు 240, అమ్మోనియా 1.5, నైట్రైట్ 0.5. అతను అమ్మోనియా దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చాడు.

ఉండి_ఏరేటర్
శాంపిల్ ఎన్ని గంటలకి తీశారు?

రెండడుగుల_చెరువు
మధ్యాహ్నం మూడింటికి. తేడా ఉంటుందా?

ఉండి_ఏరేటర్
చాలా ఉంటుంది. పచ్చ నీళ్లలో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది, పీహెచ్ మధ్యాహ్నానికి పైకెక్కుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, పీహెచ్ దిగుతుంది. చెరువుకి మేం పొద్దున్న ఆరింటికీ సాయంత్రమూ రెండుసార్లు చూస్తాం. మీ చేపలు తెల్లవారుజామునే ఎందుకు పోతున్నాయో అర్థమైందా? అప్పుడు ఆక్సిజన్ అడుగంటుతుంది. చెరువైతే ఆ టైముకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటాయి. మీరు రాత్రి పడుకునేటప్పుడు ఫిల్టర్ ఆపేస్తున్నారా?

రెండడుగుల_చెరువు
అవును, సౌండ్ వస్తోందని ఆపేస్తాం.

గప్పీగాడు
దొరికాడు దొంగ.

తణుకు_టీచరమ్మ
ఫిల్టర్ ఎప్పుడూ ఆపకూడదు అండి. గంటల తరబడి ఆగితే స్పాంజిలో బ్యాక్టీరియాకే ఆక్సిజన్ అందదు.

అమ్మోనియా గురించి ఇంకో మాట. ల్యాబ్ ఇచ్చిన 1.5 మొత్తం అమ్మోనియా. అందులో చేపని చంపేది కొంత భాగమే, ఆ భాగం ఎంతో పీహెచ్‌ని, వేడిని బట్టి ఉంటుంది. నీళ్లు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7.4 దగ్గర వందలో రెండు వంతులు. అదే 8.4 దగ్గర పదిహేడు వంతులు. అంటే కాగితం మీద అంకె మారకుండానే మధ్యాహ్నానికి విషం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన ఎండలకి, మన నీళ్లకి ఇది హైదరాబాద్ వాళ్లకంటే మనకే ఎక్కువ సమస్య.

ఆకివీడు_మెడికల్స్
ఇంత కథ ఎందుకండి. మాది ఆక్వా మందుల షాపు. జియోలైట్ రెండు గుప్పెళ్లు వేయండి, అమ్మోనియా పట్టేస్తుంది. పైన ప్రోబయోటిక్ ఒక స్పూను. పచ్చదనానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చిటికెడు. రెండ్రోజుల్లో క్లియర్. చెరువులకి ఇదేగా చేసేది.

కొల్లేటి_కొంగ
చిటికెడు అంటే ఎంతండి? మైలుతుత్తం లెక్క మీకు తెలియంది కాదు, మొత్తం ఆల్కలినిటీని, అంటే రిపోర్టులో కార్బొనేట్లూ బైకార్బొనేట్లూ కలిపిన అంకెని, వందతో భాగిస్తే వచ్చేది పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). ఈవిడ నీళ్లకి 260 వేసుకుంటే 2.6. యాభై లీటర్లకి 0.13 గ్రాము. హాల్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లింట్లో అంత తూచే కాటా ఎక్కడుంటుంది? వేళ్లతో తీసే చిటికెడు దానికి ఎన్నో రెట్లు. పైగా నత్తలు, రొయ్యలు ఉంటే అవి ముందే పోతాయి. ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లి రాత్రికి ఆక్సిజన్ మొత్తం తినేస్తుంది. ఇప్పటికే పైకి తేలుతున్న చేపలు.

ఆకివీడు_మెడికల్స్
సరే, మైలుతుత్తం మాట వెనక్కి తీసుకుంటా, చిన్న ట్యాంకుకి రిస్కే. జియోలైట్, ప్రోబయోటిక్ సంగతేంటి? అవి తప్పని నిరూపించండి.

తణుకు_టీచరమ్మ
జియోలైట్ తప్పు కాదు అండి, మంచినీళ్లలో పని చేస్తుంది. కానీ ఎవరో ఒకరు వచ్చి "ఉప్పు వేయండి" అంటారు చూడండి, అప్పుడు ఉప్పులో సోడియం జియోలైట్‌లోకి వెళ్లి పట్టిన అమ్మోనియాని బయటికి వదిలేస్తుంది. రెండూ కలిపి వాడకూడదు.

ప్రోబయోటిక్ డబ్బా వెనక చదవండి. చాలావాటిలో ఉండేది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా. అది మిగిలిన మేత, మురికి తింటుంది. అమ్మోనియాని నైట్రైట్ చేసేది అది కాదు. యాభై లీటర్లలో స్పూను వేస్తే అది విపరీతంగా పెరిగి నీళ్లు మళ్లీ తెల్లబడతాయి, ఉన్న ఆక్సిజనూ లాగుతుంది.

కోనసీమ_కొబ్బరాకు
ఉప్పు వేయండి.

గప్పీగాడు
@కోనసీమ_కొబ్బరాకు 😂 టీచరమ్మ ముందే చెప్పారు వస్తారని.

కోనసీమ_కొబ్బరాకు
నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నా. నైట్రైట్ 0.5 ఉంది కదా. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి పోయి ఆక్సిజన్ మోయనివ్వదు, రక్తం గోధుమరంగులోకి మారుతుంది. ఉప్పులో క్లోరైడ్ ఉంటే మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డం పడుతుంది. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకి గ్రాము చాలు. జియోలైట్ వేయకపోతే గొడవే లేదు. గప్పీలకి, గోల్డ్ ఫిష్‌కి ఆ మాత్రం ఉప్పు ఏమీ చేయదు.

తణుకు_టీచరమ్మ
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటా.

రెండడుగుల_చెరువు
ఇప్పుడు ఈ రాత్రికి ఏం చేయాలి? ఒక్కొక్కరు ఒక్కోటి అంటున్నారు. మా పాప ఒక గప్పీకి పేరు కూడా పెట్టేసింది.

కొల్లేటి_కొంగ
ఈ రాత్రికి: మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయండి. మొత్తం కాదు. కొత్త నీళ్లు బకెట్లో ఉంచి, వాటిలోని క్లోరిన్ వదిలిపోయాకే పోయాలి. ఫిల్టర్ ఆపొద్దు. ఫిల్టర్ నోరు కొంచెం పైకి పెట్టి నీళ్లు పైన పడేలా చేయండి. ఎయిర్ పంప్ ఉంటే అదీ వేయండి. రేపంతా మేత వద్దు, చేప ఒక రోజు తినకపోతే చావదు. లైటు తీసేయండి. కిటికీకి కర్టెన్ వేయండి.

రేపటి నుంచి అమ్మోనియా 0.5 దాటకుండా చూసుకుంటూ రోజు విడిచి రోజు పావు వంతు మార్చండి. స్పాంజి నల్లబడినా ముట్టుకోవద్దు. నీళ్లు అసలు రాకపోతే అప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టేయండి.

రాజోలు_రామచిలక
క్లోరిన్ పోవడానికి రాత్రంతా బకెట్లో ఉంచి గాలి కొడితే చాలు. తొందరైతే సోడియం థయోసల్ఫేట్, హ్యాచరీల వాళ్లు వాడేదే. బకెట్‌కి నాలుగు పలుకులు. మీ వీధిలో ఏ ఆక్వా షాపులో అడిగినా ఇస్తారు, అక్వేరియం షాపులో అదే చిన్న సీసాలో రంగేసి అమ్ముతారు.

రెండడుగుల_చెరువు
ఇంకో డౌటు. మా ఆయన మినరల్ వాటర్ టిన్ను తెప్పించి పోద్దామంటున్నారు. అవైతే శుభ్రంగా ఉంటాయి కదా?

తణుకు_టీచరమ్మ
వద్దు అండి. ఆ ప్లాంట్ నీళ్లలో ఆల్కలినిటీ దాదాపు ఉండదు. అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా పని చేస్తూ ఆల్కలినిటీ ఖర్చు పెడుతుంది. గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి సుమారు ఏడు గ్రాములు. అది అయిపోతే పీహెచ్ దభాలున పడిపోతుంది, బ్యాక్టీరియా పని ఆపేస్తుంది. మీ కుళాయి నీళ్లు మరీ గట్టిగా (లవణాలు ఎక్కువగా) ఉంటే సగం సగం కలపండి, అంతే.

ఉండి_ఏరేటర్
భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నన్నడిగితే నీళ్లకి తగ్గ చేపని పెట్టుకోవడం మేలు. మోలీలు, ప్లాటీలు, గప్పీలు ఇలాంటి గట్టి నీళ్లలోనే హాయిగా ఉంటాయి. మోలీ అయితే ఉప్పు నీళ్లలో కూడా బతుకుతుంది. పైగా గాజు మీద నాచు గిల్లుతూ ఉంటుంది. మెత్తటి నీళ్లు కోరే టెట్రా చేపలు కావాలంటే నీళ్లతో రోజూ యుద్ధమే.

చెరువుగట్టు
మాది పాలకొల్లు దగ్గర. మున్సిపాలిటీ నీళ్లే వాడతా. గమనించింది ఏంటంటే ఎండాకాలం కాలువలు కట్టేశాక సమ్మర్ స్టోరేజీ చెరువు నీళ్లు వదులుతారు కదా, అప్పుడు ఆకుపచ్చ వాసన, క్లోరిన్ కూడా ఘాటుగా. జులై, ఆగస్టుల్లో గోదారి ఎర్రనీళ్లు వస్తే బకెట్ అడుగున వేలెడు ఒండ్రు. రెండు సీజన్లలోనూ నీళ్లు మార్చడం తగ్గిస్తా, ఒక రోజు నిలవ పెట్టి పై నీళ్లే వాడతా. మా అమ్మమ్మ ఇండుపగింజ అరగదీసి కలిపేది తాగే నీళ్లకి. పటిక మాత్రం అక్వేరియానికి వద్దు, ఆల్కలినిటీ తినేస్తుంది.

గప్పీగాడు
కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది మన గప్పీల కోసమే అని ఇవాళ తెలిసింది.

యానాం_గాలిపటం
పులస పెంచొచ్చా అక్వేరియంలో? సీజన్‌లో లక్షాధికారి అయిపోవచ్చు.

మోడరేటర్
@యానాం_గాలిపటం పులస ప్రశ్నలు సరదా విభాగంలో. ఇక్కడ మళ్లీ వస్తే తీసేస్తాం. (పులస సముద్రం నుంచి గోదారికి ఎదురీదే చేప. ట్యాంకులో పెడితే గంట కూడా బతకదు. ఇక చాలు.)

రెండడుగుల_చెరువు
అప్‌డేట్. చెప్పినట్టే చేస్తున్నాం. ఆ రోజు నుంచి ఒక్కటీ పోలేదు. పొద్దున్నే పైకి తేలడం కూడా ఆగింది. నిన్న ల్యాబ్‌లో అమ్మోనియా 0.5కి దిగింది. ల్యాబతను ఇప్పుడు నన్ను చూడగానే "హాలు కల్చరు" అంటున్నాడు. కానీ నీళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇక నాచు సంగతి చెప్పండి.

రాజోలు_రామచిలక
నాచులో రకాలున్నాయి, మందు ఒక్కటే కాదు.

మీకు మొదట వచ్చిన గోధుమ పొర డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు. కొత్త ట్యాంకులో దాదాపు అందరికీ వస్తుంది, వేలితో రాస్తే పొడిలా లేచిపోతుంది. దానంతట అదే తగ్గుతుంది. కంగారు పడొద్దు.

ఇప్పుడున్నది నీళ్లలో తేలే ఒంటికణం నాచు. దీనికి కావలసినవి వెలుగూ ఎరువూ. మీరు పొద్దున్నుంచి రాత్రిదాకా లైటు, పైన కిటికీ ఎండ, అదనంగా అమ్మోనియా ఇచ్చారు. ఇది తుడిస్తే పోదు, సగం నీళ్లు మారిస్తే నాలుగో రోజుకి మళ్లీ అంతే అవుతుంది. ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు పూర్తి చీకట్లో పెట్టండి. మేత నామమాత్రంగా. గాలి మాత్రం ఆపకూడదు. తీశాక మూడో వంతు నీళ్లు మార్చండి. ఆ తర్వాత లైటుకి టైమర్ పెట్టి రోజుకి ఆరు గంటలు, అంతకు మించి వద్దు. టైమర్ రెండు మూడు వందలకి దొరుకుతుంది, ఏ మందుకన్నా అదే చవక.

కోనసీమ_కొబ్బరాకు
దుప్పటి తీసి తొంగి చూస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి. పాపకి ముందే చెప్పండి.

చెరువుగట్టు
నేను చీకటి పద్ధతికి వ్యతిరేకం. నాచు చచ్చి మళ్లీ ఎరువే అవుతుంది, నెల తిరక్కుండా తిరిగొస్తుంది. మొక్కలు పెట్టండి. నాచు తినేదాన్ని మొక్క ముందు తినేయాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా, ఏది దొరికితే అది గుత్తులుగా. మొదటి నెలలో వేగంగా పెరిగేవే కావాలి, ఖరీదైన మొక్కలు తర్వాత.

రాజోలు_రామచిలక
@చెరువుగట్టు రెండూ చేయొచ్చు కదండీ. చీకటి తర్వాత మొక్కలు. ముందే పెడితే పాపం అవీ నాలుగు రోజులు చీకట్లో ఉండాలి.

చెరువుగట్టు
అలాగైతే సరే.

గప్పీగాడు
హైడ్రిల్లా కొనడం ఏంటి, మన కాలువల్లో బోలెడు ఉంది. వల వేస్తే నాచే వస్తుంది చేప రాదు.

ఉండి_ఏరేటర్
పంట కాలువలోది తెచ్చుకోవచ్చు, మురుగు కాలువలోది మాత్రం వద్దు. సార్వా, దాళ్వా రెండు పంటలకీ కొట్టిన మందులన్నీ అందులోకే దిగుతాయి. పంట కాలువలో తెచ్చినా నేరుగా వేయొద్దు. జలగలు, నత్తగుడ్లు, చేపపేను అన్నీ వస్తాయి. తూనీగ పిల్ల ఒకటొస్తే గప్పీ పిల్లల్ని ఒక్కటి మిగల్చదు. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, రెండుసార్లు కడిగి, వారం బకెట్లో విడిగా ఉంచి అప్పుడు వేయండి.

తణుకు_టీచరమ్మ
గుర్రపు డెక్క కూడా చిన్నది ఒకటి పైన వేసి చూడండి, వేళ్లు ఎరువుని బాగా లాగుతాయి. కాకపోతే లైటుకి అడ్డం. పెరిగితే చెత్తబుట్టలో వేయండి, కాలువలోకి కాదు, ఉన్నది చాలు.

నత్తగుల్ల
ఇంత చర్చ జరుగుతోంది, మేత గురించి ఎవరూ అనలేదు? నాచుకి సగం కారణం మేత. పిల్లలున్న ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో పూట వేస్తారు. నేను డబ్బా దాచేసి, రోజుకి సరిపడా మేత చిన్న కాగితం పొట్లంలో కట్టి ఇస్తాను. రెండు నిమిషాల్లో తినేంత, రోజుకోసారి. వారానికి ఒక పూట ఉపవాసం.

రెండడుగుల_చెరువు
@నత్తగుల్ల పొట్లం ఐడియా బావుంది. మా ఇంట్లో మామగారు కూడా వచ్చినప్పుడల్లా గుప్పెడు వేస్తున్నారు, చెరువు అలవాటు.

యానాం_గాలిపటం
ఇది పులస గురించి కాదు. రొయ్యలు నాచు తింటాయని చదివి కాలువలో రొయ్య పిల్లల్ని పట్టి వేశాను. ఒకటి నీలకంఠ అయింది. చేతులు నీలంగా, జానెడు. ముందు గప్పీల తోకలు, తర్వాత గప్పీలు.

గప్పీగాడు
ఇప్పుడు నీలకంఠ ఎక్కడుంది?

యానాం_గాలిపటం
ఇగురు.

మోడరేటర్
నవ్వొచ్చింది కాబట్టి ఉంచుతున్నాను.

రెండడుగుల_చెరువు
చీకటి పూర్తయింది. దుప్పటి తీస్తే గోడ కనబడింది! నీళ్లు కొంచెం మబ్బుగా ఉన్నా పచ్చదనం పోయింది. టైమర్ పెట్టాం. ట్యాంకుని కిటికీ దగ్గర్నుంచి జరపడానికి ఇద్దరం, మామగారు, పక్కింటాయన పట్టాల్సి వచ్చింది, సగం నీళ్లు తీశాకే. రాళ్ల మీద మాత్రం ముదురు ఆకుపచ్చ జిగురు పొర ఒకటి కొత్తగా వచ్చింది. గోకితే రేకులా ఊడొస్తోంది. మట్టి వాసన, కొంచెం కంపు.

రాజోలు_రామచిలక
అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో, రాళ్ల సందుల్లో మేత ఇరుక్కున్నచోట వస్తుంది. ట్యూబుతో ఆ రేకుల్ని పీల్చేయండి, ఫిల్టర్ నోరు ఆ మూలకి తిప్పండి. చాలామందికి అంతటితో పోతుంది. పోకపోతే చెప్పండి. యాంటీబయోటిక్ వేయమని ఎవరైనా అంటే వినొద్దు, మీరు ఇన్నాళ్లు పెంచిన బ్యాక్టీరియాకి కూడా దెబ్బ.

ఆకివీడు_మెడికల్స్
ఈసారి నేనేం అనలేదు, గమనించండి.

కొల్లేటి_కొంగ
మేడమ్, మా స్పాంజి ఫిల్టర్ రెండేళ్లుగా నడుస్తోంది. ఒక ముక్క కోసి ఇస్తాను, మీ ఫిల్టర్లో పెట్టండి. బ్యాక్టీరియా నేరుగా వస్తుంది, మిగిలిన నైట్రైట్ త్వరగా దిగుతుంది. ఆదివారం భీమవరం వస్తున్నా. తడిగా కవర్లో తెస్తా, ఎండితే పనికిరాదు. నా ట్యాంకులో జబ్బులేం లేవు, అయినా ఎవరి దగ్గర తీసుకున్నా ముందు అది అడగండి.

రెండడుగుల_చెరువు
చాలా థాంక్స్ అండి. కాఫీ తాగే వెళ్లాలి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి? ఎండాకాలం మా వైపు మధ్యాహ్నం గంటలకొద్దీ తీస్తారు.

ఉండి_ఏరేటర్
బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి కొనుక్కోండి, కరెంటు పోగానే తనే ఆన్ అయ్యేది. 25 డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైన నిలుస్తుంది, 32కి వచ్చేసరికి ఏడు చిల్లర. మేలో మీ నీళ్లు అంతకన్నా వేడెక్కుతాయి. మూత కొంచెం తెరిచి టేబుల్ ఫ్యాను నీళ్ల మీదకి పెడితే ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అదీ అంతంతే. అప్పుడు చేపలు తక్కువ ఉండటమే దారి. రెండడుగుల దాంట్లో గోల్డ్ ఫిష్ ఎలాగూ పెద్దయ్యాక పట్టదు.

గప్పీగాడు
హీటరు కూడా అమ్మారా మీకు?

రెండడుగుల_చెరువు
అమ్మారు. డబ్బా కూడా విప్పలేదు.

గప్పీగాడు
భీమవరంలో హీటరు 🙏

చెరువుగట్టు
గోల్డ్ ఫిష్ ఒక్కటే కాదు, ఆ సక్కర్ కూడా తీసేయండి. అది ఎదిగితే అడుగు దాటుతుంది, నాచు తినడం మానేసి మేత కోసం చూస్తుంది, ట్యాంకు నిండా దాని మలమే. మన చెరువుల్లో ఇప్పటికే దెయ్యం చేప అని రైతులు తల పట్టుకుంటున్నది దీన్నే. వల చింపేస్తుంది, గట్లకి బొరియలు పెడుతుంది, అమ్ముదామంటే ఎవరూ కొనరు. ఎంత జాలేసినా కాలువలోకి, చెరువులోకి వదలొద్దు. మీ మామగారి చెరువులోకి అసలే వద్దు.

రెండడుగుల_చెరువు
మామగారు కూడా అదే మాట అన్నారు, నవ్వకుండా. మరి ఎవరికివ్వాలి? షాపతను వెనక్కి తీసుకోనన్నాడు.

నత్తగుల్ల
నాకివ్వండి. ఆరడుగుల ట్యాంకు ఉంది, పెద్ద చేపలే ఉన్నాయి, దీన్ని ఎవరూ ఏమీ చేయరు. తాడేపల్లిగూడెం నుంచి వారానికోసారి మీ ఊరు వస్తుంటా. బదులుగా హైడ్రిల్లా కావలసినంత తెస్తా, నా దగ్గర కాలువది కాదు, ఏళ్లుగా ట్యాంకులో పెరిగింది. గోల్డ్ ఫిష్ కూడా ఇస్తానంటే బకెట్ పెద్దది తెస్తా.

రెండడుగుల_చెరువు
గోల్డ్ ఫిష్ సంగతి పాపని అడిగి చెప్తా. సక్కర్ అయితే ఖాయం. హైడ్రిల్లాతో నత్తలు వస్తాయా?

నత్తగుల్ల
నా పేరు చూశాక కూడా అడుగుతున్నారా.

రెండడుగుల_చెరువు
వద్దండి నత్తలు.

నత్తగుల్ల
కడిగే తెస్తా. అయినా ఒకటి రెండు వస్తాయి. అవి మిగిలిన మేతే తింటాయి, మరీ పెరిగాయంటే మీరు మేత ఎక్కువేస్తున్నారన్నమాట. శనివారం సాయంత్రం అయితే మీకు కుదురుతుందా?